పొనికి తగ్గిపోవడానికి బొమ్మలే కారణమా?

హనుమకొండలో బోటనీ డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. “నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెట్టు మీద ప్రాజెక్టు చేస్తున్నాను. బొమ్మలు చెక్కేవాళ్ళు నరికేయడం వల్లే అది కనుమరుగవుతోందని ఎక్కడ చూసినా రాసి ఉంది. అదొక్కటే కారణమా? కాలేజీ ఆవరణలో గింజలు పెడితే ఒక్కటీ మొలవలేదు. నేను చేసిన తప్పేంటి?”

అమ్మా, నేను అటవీశాఖలో బీట్ నుంచి మొదలుపెట్టి సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఎక్కువ కాలం నిర్మల్, ఖానాపూర్, ఉట్నూరు వైపు గుట్టల్లో పనిచేశాను. చివరి కొన్నేళ్ళు తాడ్వాయి, ఏటూరునాగారం వైపు. పుస్తకాల్లో దొరికేది మీకు ఎలాగూ దొరుకుతుంది కాబట్టి, గుట్ట మీద చూసింది ఎక్కువ చెప్తాను.

నరకడం ఒక కారణమే, కాదనను. కానీ నన్నడిగితే అంతకంటే పెద్ద సమస్య, పొనికి పిల్ల మొక్కలు కనపడకపోవడం. ముసలి చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి ఇంకా ఉన్నాయి. వాటి చుట్టుపక్కల బొటనవేలంత లావున్న మొక్క కోసం వెతకండి. పొద్దున ఎక్కి మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్కటీ కనపడని రోజులు నాకు చాలా ఉన్నాయి. ఒక ఊళ్ళో తాతలూ అమ్మమ్మలూ మాత్రమే ఉండి, బడికెళ్ళే పిల్లాడు ఒక్కడూ లేకపోతే ఆ ఊరి జనాభా లెక్క ఎంతుందని మురిసిపోతాం? పొనికి సంగతి అలా ఉంది.

ముందు చెట్టు విషయంలో గందరగోళం లేకుండా చూసుకోండి. పొనికి, పునికి, తెల్ల పొనికి అన్నీ ఒకటే. శాస్త్రీయ నామం గివోషియా మొలుకానా. పాత పుస్తకాల్లో గివోషియా రాట్లెరిఫార్మిస్ అని ఉంటుంది, రెండు వేర్వేరు చెట్లనుకుని పట్టికలో రెండుసార్లు రాయకండి. మన ఆముదం కుటుంబమే. ఈ గివోషియా ప్రజాతిలో ఉన్నవే నాలుగు జాతులు, అందులో మూడు మడగాస్కర్ దీవిలో ఉంటే ఒక్కటి మాత్రం మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉంది. ఎండు అడవుల్లో, రాళ్ళు తేలిన గుట్ట వాలుల్లో పెరుగుతుంది. ఎండాకాలం మోడుగా నిలబడుతుంది. ఆకు వెడల్పుగా, గుండె ఆకారంలో ఉంటుంది. వెనక్కి తిప్పితే తెల్లటి నూగు, వేలితో రాస్తే ఉన్ని గుడ్డ తగిలినట్టే ఉంటుంది. ఒకసారి ఆ ఆకు వెనక రాసి చూసినవాళ్ళు మళ్ళీ పొరపడరు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. తునికి వేరు, పొనికి వేరు. తునికి బీడీ ఆకు చెట్టు, దాని కట్టె గట్టిది. పొనికి కట్టె దానికి పూర్తిగా ఎదురు. మా సెక్షన్‌కు కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు రిజిస్టర్‌లో తునికి అని రాయాల్సిన చోటల్లా పొనికి అని రాసేశాడు. ఆ ఏడాది మా దగ్గర కాగితం మీద పెద్ద పొనికి అడవి మొలిచింది. దిద్దడానికి నాకు వారం పట్టింది. మీరు పాత రికార్డుల నుంచి అంకెలు తీసుకుంటే ఈ కథ గుర్తుపెట్టుకోండి.

ఇక బొమ్మల సంగతి. నిర్మల్‌లో నకాశీ పని, అంటే బొమ్మలు చెక్కి రంగులు వేసే పని చేసే ఒక పెద్దాయన షెడ్డుకు నేను తరచూ వెళ్ళేవాణ్ణి. మొదట డ్యూటీ మీదే వెళ్ళాను, పర్మిట్ కాగితం చూడ్డానికి. మూలన నిలబెట్టిన దుంగ చూపించి ఎత్తమన్నాడు. నా తొడంత లావు, ఛాతీ ఎత్తు. నడుం బిగించి పట్టుకున్నాను, అంత బలం పెట్టినందుకు వెనక్కి తూలాను. ఆరిన పొనికి అంత తేలిక. గోరుతో నొక్కితే దిగుతుంది. ఆయన బాడిశతో నాలుగు దెబ్బలు వేసి, ఉలితో తిప్పి, ఆకురాయితో రాస్తుంటే పది నిమిషాల్లో మామిడికాయ ముక్కు బయటికొచ్చింది. కొమ్మో, రెక్కో, కాలో విడిగా చెక్కి అతికించాల్సి వస్తే చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పం పెడతారు. కీలు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. దాని మీద సుద్ద పూత, ఆ పైన రంగులు. పచ్చి కట్టె మీద ఇదంతా నిలవదు కాబట్టి ముందు బాగా ఆరబెట్టి, సన్న సెగ చూపిస్తారు.

వేరే కట్టె ఎందుకు వాడరని అడిగాను. “టేకు మీద మామిడికాయ చెక్కమంటావా సార్, నా చెయ్యి పోతది” అన్నాడు. మెత్తగా ఉండాలి, పగలకూడదు, రంగు నిలవాలి. ఈ మూడూ ఒకేచోట ఉన్న కట్టెలు తక్కువ. ఒకప్పటి కృష్ణా జిల్లా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి బొమ్మలదీ ఇదే కట్టె, కర్ణాటకలో కిన్నాళ బొమ్మలదీ ఇదే. అంటే ఒక్క చెట్టు మీద మూడు ప్రాంతాల చేతిపనులు బతుకుతున్నాయి. అందుకే అందరి వేలూ బొమ్మల వాళ్ళ వైపే లేస్తుంది.

వాళ్ళ తప్పేం లేదా అంటే, ఉంది. అయితే ఎక్కువ నరికారన్నదానికంటే, ఏది నరికారన్నది చూడాలి. బొమ్మకు నిటారుగా, కణుపులు లేకుండా, లావుగా ఉన్న మాను కావాలి. అలాంటివే ఏరి ఏరి కొట్టారు, అదీ దారికి దగ్గరగా ఉన్న వాలుల్లో. పాత 7వ నంబరు హైవే మీద, ఇప్పుడు 44 అంటున్నారు, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే రెండు పక్కలా కనపడే సాత్మాల గుట్టలు ఉన్నాయి చూడండి, బండి చేరే చోట పొనికి మొదట పోయింది. మంచి మాను పోయి, వంకర మాను మిగిలింది. గింజ ఇచ్చే వయసున్న మంచి తల్లి చెట్లే ముందు వెళ్ళిపోయాయి.

శాఖ కలప డిపో నుంచి దుంగలు ఇచ్చిన రోజులున్నాయి, పర్మిట్ మీద తెచ్చుకున్న రోజులున్నాయి, రాత్రిపూట సైకిల్ మీద తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. ఇటువైపు కవ్వాల్ అడవి 1965లోనే అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ ఏరియా దాదాపు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ మరో 1,123. ఆ తర్వాత అందులోంచి దుంగ బయటికి తేవడం అంత తేలిక కాలేదు. బొమ్మలు చేసే కుటుంబాలు కూడా తగ్గి ఇప్పుడు కొన్ని పదుల్లోకి వచ్చాయి. గొడ్డలి దెబ్బ తగ్గింది కదా, మరి ఇన్నేళ్ళలో పిల్ల మొక్కలు గుంపులుగా లేచి రావాలి. నేను తిరిగిన వాలుల్లో లేవలేదు. అక్కడే నాకు మొదట అనుమానం వచ్చింది, మనం తిట్టాల్సిన జాబితా ఇంకా పెద్దదని.

ఇప్పుడు చెప్పబోయేది మీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టండి, చాలామంది వదిలేస్తారు. పొనికిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. తాళ్ళలో పోతుతాడు, పండుతాడు ఉన్నట్టే. మగ చెట్టు పూస్తుంది, కాయదు. ఆడ చెట్టు కాయాలంటే పుప్పొడి అందేంత దూరంలో మగ చెట్టు ఉండాలి. పూత లేనప్పుడు మాను చూసి ఏది మగో ఏది ఆడో చెప్పడం గొడ్డలి పట్టుకున్నవాడికీ రాదు, నాకూ రాదు. ఇప్పుడు ఒక వాగు మొదట్లో ఏడు చెట్లున్నాయనుకోండి. నాలుగు పోయాయి. మిగిలిన మూడూ ఆడవే అయితే? మూడూ మగవే అయితే? రిజిస్టర్‌లో “పొనికి 3” అని ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నాయి అని కూడా రాస్తాం. పిల్లలు పుట్టడమనేది ఆ రోజుతో ఆగిపోయిందని ఆ అంకె చెప్పదు. చెట్టు బతికే ఉంటుంది, ఇంకో పాతికేళ్ళు బతుకుతుంది కూడా, వంశం మాత్రం ముగిసిపోయింది. గుంపుగా ఉన్న చెట్లను పలచగా చేస్తే ఇలాంటి జాతికి తగిలే దెబ్బ, టేకుకో మద్దికో తగిలే దెబ్బ ఒకటి కావు.

పలచబడిన గుంపుకు ఇంకో భయం ఉంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలి వచ్చి వేలాది చెట్లను పడగొట్టింది, మీరూ పేపర్లో చూసే ఉంటారు. నేను అప్పటికే రిటైరయ్యాను, అయినా ఉండబట్టలేక వెళ్ళి చూసొచ్చాను. ఏళ్ళ తరబడి చూసిన చెట్లు వరసగా ఒకే వైపు తలలు పెట్టి పడి ఉన్నాయి. జాతి నాలుగు జిల్లాల్లో నిండుగా ఉంటే అలాంటి గాలికి ఒక మూల పోతుంది, అంతే. ఒక వాలులో ఏడు చెట్లుగా మిగిలినదానికి అదే చివరి రోజవుతుంది.

మీ గింజల సంగతికి వద్దాం. మీ తప్పు పెద్దగా లేదు. పొనికి కాయలో ఒక్కటే గింజ, దాని చుట్టూ రాయిలాంటి పెంకు. నీళ్ళు లోపలికి పోవు. పెంకు ఒక్కటే అడ్డమైతే పగలగొడితే సరిపోయేది, లోపలి పిండానికీ ఒక నిద్ర ఉంటుంది. పెంకు తీసేసి పిండాన్ని మాత్రం వేరుచేసి, పోషకాలు కలిపిన జెల్లీ మీద పెట్టి ల్యాబుల్లో మొలిపించారు. అంటే లోపల ప్రాణం ఉంది, బయటికి రావడమే కష్టం. అడవిలో ఆ పెంకు ఎండకూ వానకూ మెత్తబడి దానంతటది విచ్చుకునేసరికి చాలా కాలం పడుతుంది. ఈలోగా పురుగు, ఎలుక, నిప్పు. గింజలో నూనె ఉంటుంది కాబట్టి చాలాకాలం నిలవ ఉంటే లోపలే ముక్కిపోతుంది కూడా.

నేను రెండేళ్ళు మా క్వార్టర్ వెనక ప్రయత్నించాను. మొదటి ఏడాది మీలాగే నేరుగా మట్టిలో పెట్టాను, సున్నా. రెండో ఏడాది తాజా కాయలు తెచ్చి, గుజ్జు కడిగి, నీళ్ళలో వేసి తేలినవి పారేశాను. మిగిలినవాటి పెంకును బెంచ్ వైస్‌లో, అంటే వడ్రంగులు బల్లకు బిగించుకునే పట్టులో పెట్టి మెల్లగా బిగించి చీలిక తెప్పించాను. సుత్తితో కొడితే పప్పు నలిగిపోతుంది, అది చేయొద్దు. తర్వాత కడిగిన ఇసుకలో పెట్టి, తడి ఆరకుండా, అలాగని నీళ్ళు నిలవకుండా చూశాను. నీళ్ళు ఎక్కువైతే ఆ నూనె పప్పు మూడు రోజుల్లో కుళ్ళి కంపు కొడుతుంది. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మొలిచాయి. అయినా మా ఆవిడ దగ్గర ఆ సాయంత్రం నేను చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. మీకు కాలేజీ ల్యాబ్ ఉంది కాబట్టి చీల్చిన గింజలను మొలకను లేపే హార్మోను జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టి ఒక గుంపు, నానబెట్టకుండా ఒక గుంపు పెట్టి చూడండి. ఆ ఒక్క పోలికే మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది.

ఆ మొక్కలు ఏమయ్యాయని అడుగుతారేమో. ఒక నర్సరీకి ఇచ్చాను. అక్కడ ఆ ఏడాది టార్గెట్ లక్షల్లో ఉంది, వేగంగా మొలిచేవే కావాలి. నా పొనికి సంచులు మూలన పడి ఎండిపోయాయి. నాకు కోపం వచ్చింది కానీ, మొక్కల సంఖ్యతో మార్కులు వేసే పద్ధతిలో ఆ నర్సరీ వాళ్ళు చేసింది వింతేమీ కాదు. హరితహారం 2015 జులైలో మొదలైనప్పుడు నేను సంతోషించినవాణ్ణే. కానీ కానుగ, వేప, టేకు, వెదురు లాంటివి సులువుగా లెక్కకు వస్తాయి. వందకు పది మొలిచే చెట్టును ఎవరు పెంచుతారు?

అన్నిటికంటే పెద్ద శత్రువు నిప్పు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు కాలం. వాటంతటవి అంటుకునేవి బహు తక్కువ, నూటికి తొంభై పాళ్ళు మనిషి చేతివే. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే ఏరుకోవాలి, ఎండుటాకుల్లో పడితే కనపడదు. అందుకని చెట్టు కింద ఆకులకు అగ్గి పెడతారు. నేల నల్లగా, శుభ్రంగా అవుతుంది, పసుపు తెలుపు పువ్వు దూరం నుంచే కనిపిస్తుంది. ఆ మంటను ఆర్పేసి వెళ్ళేవాళ్ళు కొందరే. తునికాకు కోసం ఇంకొకరు పెడతారు, కాలిన చోట చిగురు లేతగా, ఎక్కువగా వస్తుందని నమ్మకం. ఏప్రిల్, మే నెలల్లో కల్లం దగ్గరికి వెళ్ళి చూడండి, ఏభై ఆకుల కట్టలు వరసగా ఎండుతుంటాయి. ఆ నెల కూలితోనే చాలా ఇళ్ళల్లో వానాకాలం విత్తనాలు, పిల్లల పుస్తకాలు వస్తాయి. వాళ్ళను తిట్టి ఊరుకునే వ్యవహారం కాదిది.

ఒక రాత్రి కడెం వాగు పైన క్యాంపులో ఉన్నాం. ఎదురు గుట్టకు చీర అంచులా ఎర్రటి గీత. చూడ్డానికి అందంగా ఉంటుంది, అదొక పాపిష్టి అందం. మంట మోకాలెత్తు కూడా లేదు, నడిచే వేగంతో పైకి పాకుతోంది. పొద్దున ఆ వాలు ఎక్కాను. పెద్ద చెట్లకు కింద బెరడు నల్లబడింది తప్ప ఏమీ కాలేదు. పైనుంచి చూసిన ఆఫీసర్ ఎవరైనా “నష్టం లేదు” అనే రాస్తాడు, నేనూ అంతకుముందు అలాగే రాసేవాణ్ణి. ఆ రోజు మాత్రం కిందకు వంగి చూశాను. ఆకు రాల్చిన చిన్న మొక్కలు, వానాకాలం మొలిచిన ఏడాది మొక్కలు, పుల్లలుగా మాడి ఉన్నాయి. వేలితో తాకితే విరిగాయి. ఎండుటాకుల మధ్య పడి ఉన్న కాయల పెంకులు పేలి ఉన్నాయి. పెద్దవాటిని ముట్టకుండా పిల్లల్ని మాత్రం తీసుకుపోయింది. అది ఏటా వస్తుంది. మొక్క ఆ మంటకు అందని లావూ ఎత్తూ అందుకోవాలంటే వరసగా కొన్నేళ్ళు నిప్పు రాకుండా ఉండాలి. మనకు ఒక్క ఏడాది కూడా దొరకడం లేదు.

టేకు లాంటివి కాలినా మళ్ళీ వేరు నుంచి లేస్తాయి, అందుకే మాటిమాటికీ కాలే అడవిలో చివరికి అవే మిగులుతాయి. నెమ్మదిగా మొలిచే చెట్టు ఈ పందెంలో ఓడిపోతుంది. మంట దాటకుండా నేల ఖాళీ చేసి ఫైర్ లైన్లు కొడుతున్నారు, బ్లోయర్లతో ఆకులు ఊడుస్తున్నారు, ఇదివరకటి కంటే నయమే. ఇప్ప చెట్టు కింద వల కట్టి పువ్వు పట్టే పద్ధతి కొన్నిచోట్ల వచ్చింది. నా మాట వింటే పొనికి కోసం ఖర్చు పెట్టే ప్రతి పది రూపాయల్లో ఆరు ఆ వలల మీద పెట్టమంటాను. మొక్కలు నాటడం ఫొటోకు బాగుంటుంది. వల కట్టడం బాగుండదు, కానీ అది పనిచేస్తుంది.

పశువులు పొనికి ఆకు తింటాయా అని అడుగుతారు. తినడం తర్వాత సంగతి, తొక్కుతాయి. ఎండాకాలం మైదానాల నుంచి గొర్లు, మేకలు, గొడ్లు మందలుగా అడవిలోకి వస్తాయి. వాటి గిట్టల కింద వాలు నేల గట్టిపడుతుంది, వాన నీరు జారిపోతుంది, మొలక నిలవదు. దీనికి తోడు లాంటానా కంప. ఖాళీ దొరికిన చోటల్లా అల్లుకుపోయి కిందకు వెలుతురు రానివ్వదు, ఎండిపోయాక అదే నిప్పుకు పెట్రోలు.

పోడు గురించి రాయకపోతే దాటవేశాడంటారు. గుట్ట వాలు నరికి జొన్న వేసిన చోట పొనికి పోయింది, నిజమే. అయితే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగు చేస్తున్న గిరిజనులకు హక్కుంది. ఆ గోండు, కోలాం, నాయక్‌పోడు కుటుంబాలు రాకముందే కూపుల పేరుతో, అంటే నరకడానికి గీసుకున్న అడవి ముక్కల పేరుతో, మేమే ఎన్ని వాలులు కొట్టామో నాకు తెలుసు. టేకు కాని కట్టెను డిపో భాషలో జంగిల్ వుడ్ అంటాం, ఆ మాటలోనే మా చూపు ఉంది. ఆదిలాబాద్‌లో కలగలుపు అడవిని తీసేసి వరసల్లో టేకు పెట్టారు. ఇటు వరంగల్, ఖమ్మం వైపు జామాయిల్ వచ్చింది. ఆ వరసల్లో పొనికి దొరకదు. దీనికి కారణం ఒక శాఖ దుర్మార్గం కాదు, దుంగకు ఎంత ధర పలుకుతుందన్నదే అప్పట్లో అడవికి కొలత. నా జీతం కూడా అందులోంచే వచ్చింది.

మీరు ప్రశ్నలో “కనుమరుగవుతోంది” అన్నారు, “అంతరించిపోతోంది” అన్న మాట మాత్రం కొంచెం జాగ్రత్తగా వాడండి. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళ రెడ్ లిస్ట్‌లో ‘వల్నరబుల్’, అంటే ముప్పు ఉన్న జాతి, అనాలంటే లెక్కలుంటాయి. ఉదాహరణకు పదేళ్ళలో గానీ మూడు తరాల్లో గానీ, వీటిలో ఏది ఎక్కువ కాలమైతే ఆ కాలంలో, జాతి కనీసం 30 శాతం తగ్గి ఉండాలి. లేదా పెద్ద చెట్లు మొత్తం 1,000 లోపే ఉండాలి. ఇలా కొన్ని కొలతలు. ఎర్రచందనం సంగతి చూడండి, 2018లో ప్రమాదానికి దగ్గరగా ఉన్నదన్నారు, 2021కి ‘ఎన్‌డేంజర్డ్’, అంటే ఇంకా పెద్ద ముప్పులో ఉన్న జాతి, చేశారు. అది ఒక చిన్న ప్రాంతంలో మాత్రమే ఉన్న చెట్టు. పొనికి అలా కాదు, దక్కన్ నుంచి శ్రీలంక దాకా ముక్కలు ముక్కలుగా ఉంది. ఇలాంటి చెట్టు ప్రపంచం లెక్కలో క్షేమంగా కనిపిస్తూనే ఒక్కో గుట్ట మీద నుంచి మాయమవుతుంది. మీ పేపర్‌కు “సాత్మాల గుట్టల్లో పొనికి పునరుత్పత్తి” అని చిన్న శీర్షిక పెట్టుకోండి. “పొనికి అంతరిస్తోంది” అని పెడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

లెక్క ఎలా తీయాలంటే, చెట్ల సంఖ్య ఒక్కటే తీయకండి. ప్రతి పొనికికీ ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత రాయండి. దాని చుట్టూ చిన్న చదరాలు గీసి మొలకలు, పిల్ల మొక్కలు విడిగా లెక్కపెట్టండి. సన్నవి ఎక్కువ, లావువి తక్కువ ఉంటే ఆ గుంపు బతుకుతుంది. అన్నీ లావువే వస్తే మీకు జవాబు దొరికినట్టే. కాల్చిన గుర్తు ఉందా, కాయ ఉందా రాయండి. పూత కాలంలో మళ్ళీ అవే చెట్ల దగ్గరికి వెళ్ళి మగ, ఆడ గుర్తించండి. అందుకే జీపీఎస్ పాయింట్ తీసుకోవడం మరిచిపోవద్దు, మానుకు పెయింట్ మాత్రం పూయొద్దు. పెయింట్ గుర్తున్న చెట్టును శాఖవాళ్ళు నరకమన్నారనుకుని కొట్టేసిన సంగతులు నా కళ్ళముందే జరిగాయి.

గుట్టకు వెళ్ళకముందే చేయగల పని రెండు చోట్ల ఉంది. కాకతీయ యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్ మీకు నడిచే దూరంలోనే ఉంది. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో పొనికి షీట్లు ఉంటే వాటి లేబుళ్ళ మీద ఊరి పేరు, తేదీ చూడండి. ఆ ఊళ్ళకే వెళ్ళి ఇప్పుడు ఉందో లేదో చూస్తే అంతకంటే మంచి పోలిక దొరకదు. రెండోది, నిర్మల్‌లో షాపుల వాళ్ళను కాదు, చెక్కేవాళ్ళను పట్టుకోండి. డెబ్బై దాటినవాళ్ళను కూర్చోబెట్టి, మీ చిన్నప్పుడు కట్టె ఏ గుట్ట నుంచి తెచ్చేవారు, పెళ్ళయ్యే నాటికి ఏ గుట్ట, ఇప్పుడు ఎక్కడి నుంచి అని అడగండి. ఆ పేర్లు మ్యాపు మీద వరసగా పెడితే చెట్టు ఎలా వెనక్కి జరిగిందో తెలుస్తుంది. మా శాఖ రికార్డుల్లో ఆ వివరం లేదు, వాళ్ళ జ్ఞాపకంలో ఉంది. మీకు దొరికింది పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో కూడా ఎక్కించమని అడగండి. 2002 చట్టం కింద ఆ రిజిస్టర్ ఉండాలి, చాలాచోట్ల అందులో పొనికి పేరు కోసం ఒక్క గీత కూడా ఉండదు.

రైతులతో పట్టా భూముల్లో పెంచిస్తే అడవి మీద భారం తగ్గదా అని కూడా ఎవరో ఒకరు అంటారు. తగ్గుతుంది. కానీ పెంచినవాడికి రేపు నరకడానికీ తరలించడానికీ ఏ పర్మిట్ కావాలో ఎవరూ ముందు చెప్పరు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, రవాణా పర్మిట్, రేంజ్ ఆఫీసు చుట్టూ తిరగడం, ఆ టెన్షన్ తలుచుకునే గట్టు మీద చెట్టు పెట్టడు. గట్టున పొనికి పెట్టే రైతుకు నాటిన రోజే కాగితం ఇచ్చి, కొనేది ఫలానా బొమ్మల సంఘం అని చెప్తే పని జరుగుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు ఈ సంగతి పైకి రాశాను. రెండుసార్లూ “పరిశీలనలో ఉంది” అని వచ్చింది.

రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్ళొద్దు, గింజ ఏరడానికి కూడా. కాలేజీ లెటర్‌హెడ్ మీద జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ)కి దరఖాస్తు పెట్టండి, కోర్ ఏరియా వద్దు, బఫర్‌లోని వాలులు చాలు. బీట్ ఆఫీసర్‌ను వెంట తీసుకెళ్ళండి, ఎండాకాలం అయితే పొద్దున పదికల్లా దిగిపోండి. ఆడ చెట్టు కింద కాయలు దొరికితే సంచి నింపుకోకండి, సగానికి పైగా అక్కడే వదిలేయండి. తెచ్చుకున్నవాటికి వైస్ మెల్లగా బిగించండి.